గాలి తగ్గిన తరువాత: న్యూ ఆర్లియన్స్, 2005

2005 ఆగస్టు 29, సోమవారం. మన గడియారంలో సాయంత్రం 4 గంటల 40 నిమిషాలు. అమెరికా దక్షిణ తీరంలో అప్పుడే తెల్లవారుతోంది. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి సమీపాన, లూయిజియానా రాష్ట్రంలోని బ్యూరస్ అనే చిన్న ఊరి వద్ద కత్రినా హరికేన్ తీరం దాటింది. మనం తుపాను అనేదాన్నే ఆ సముద్రాల మీద హరికేన్ అంటారు. పేరు వేరైనా ప్రకృతి ఒకటే.

ఆ సాయంత్రం నేను కోస్తాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్వార్టర్స్‌లో, మా ఫార్మసిస్టు గారి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. వారి అబ్బాయి న్యూ ఆర్లియన్స్ నగరంలో చదువుకుంటున్నాడు. ముందు రోజు, ఆదివారం రాత్రి మనకు పది గంటల వేళ, ఫోను చేసి, “నగరం ఖాళీ చెయ్యమన్నారు నాన్నా, స్నేహితుడి కారులో బయలుదేరుతున్నాం” అని చెప్పాడు. ఆ తరువాత ఆ నంబరు పలకలేదు.

రాత్రి పదకొండు గంటలకు వార్తల్లో ఒక ఊరట వినిపించింది. తుపాను కన్ను నగరానికి కొంచెం తూర్పుగా సాగిపోయిందని, న్యూ ఆర్లియన్స్ పెద్ద ప్రమాదం నుంచి తప్పించుకున్నట్లేనని చెప్పారు. నేను లేచి నిలబడి, వైద్యుడికి అలవాటైన ధైర్యపు గొంతుతో, “గండం గడిచిందండీ, ఇక పడుకోండి” అన్నాను. ఆయన తల ఊపారు. నేను ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

నేను ఆ మాట అన్న సమయానికి నగరంలోకి నీరు పారడం మొదలై నాలుగు గంటలు దాటింది. ఆ సంగతి నాకు మాత్రమే కాదు, ఆ దేశంలో టీవీ చూస్తున్న చాలామందికీ తెలియదు. దూరం నుంచి విపత్తును చూసేవాడు ఎలా పొరబడతాడో, ఆ పొరపాటుకూ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

పళ్ళెంలాంటి నగరం

ఫ్రెంచివారు 1718లో ఈ నగరాన్ని మిసిసిపీ ఒడ్డున ఎత్తయిన నేల మీద స్థాపించారు. నది వందల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన మెట్ట అది. దాని వెనుక చిత్తడి నేల, ఆ వెనుక పాంచర్‌ట్రెయిన్ అనే విశాలమైన సరస్సు. పాత నగరం మెట్ట మీదనే ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో బాల్డ్విన్ వుడ్ అనే ఇంజనీరు రూపొందించిన భారీ పంపులు వచ్చాయి. వాటితో చిత్తడి నేలలోని నీటిని తోడి సరస్సులో పోశారు. ఎండిన నేల మీద కొత్త పేటలు వెలిశాయి.

అయితే నీరు తీసిన చిత్తడి నేల కుంగుతుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ నగరంలో దాదాపు సగభాగం సముద్ర మట్టానికి దిగువకు చేరింది. ఒక వైపు నది కరకట్ట, మరొక వైపు సరస్సు కరకట్ట, మధ్యలో పళ్ళెంలాంటి ఊరు. పళ్ళెంలో పడిన వానచుక్క కూడా పంపు ఎత్తిపోస్తే తప్ప బయటికి పోదు. తోడిన నీరు సరస్సుకు చేరడానికి ఊరి నడుమ నుంచి కాలువలు తవ్వి, వాటికి ఇరువైపులా గోడలు కట్టారు.

1965లో బెట్సీ హరికేన్ నగరంలోని తూర్పు పేటలను ముంచింది. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు పెద్ద కరకట్టల పథకాన్ని మంజూరు చేసి, ఆ బాధ్యతను సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగానికి అప్పగించింది. నలభై ఏళ్ళ తరువాత కత్రినా వచ్చేనాటికి ఆ పథకం ఇంకా పూర్తి కాలేదు.

తెలియనిదేమీ కాదు

ఈ విపత్తు ఎవరి ఊహకూ అందనిదని తరువాత కొందరు అన్నారు. అది సరికాదు. 2002లో నగరపు పత్రికే, పెద్ద హరికేన్ వస్తే ఏమవుతుందో వ్యాస పరంపరగా ప్రచురించింది. 2004 జూలైలో అధికారులు ‘పామ్’ అని ఊహాజనిత హరికేన్‌కు పేరు పెట్టి కసరత్తు జరిపారు. అందులో కరకట్టల మీదుగా నీరు పొర్లి నగరం మునిగినట్లు, అరవై వేల మంది మరణించినట్లు లెక్క వేశారు.

వాతావరణ శాఖ కూడా తన పని చక్కగానే చేసింది. ఆగస్టు 23న బహామా దీవుల దగ్గర వాయుగుండంగా పుట్టిన కత్రినా, 25న ఫ్లోరిడాను దాటి, మెక్సికో సింధుశాఖ వేడి నీటి మీద బలం పుంజుకుంది. 28న గాలి వేగం గంటకు 280 కిలోమీటర్లకు చేరింది. అదే రోజు ఉదయం స్థానిక వాతావరణ కేంద్రం ఆ ప్రాంతంలో అధిక భాగం వారాల పాటు నివాసయోగ్యం కాదని హెచ్చరించింది. మేయరు నగరాన్ని తప్పనిసరిగా ఖాళీ చేయాలని ఆదేశించారు. రహదారుల రెండు పక్కలా వాహనాలను బయటి దిక్కుకే మళ్ళించారు. మహానగర ప్రాంతం నుంచి పది లక్షల మందికి పైగా తరలిపోయారు.

మరి మిగిలినవారు ఎవరు? కారు లేని పేదవారు, అది నెలాఖరు కాబట్టి చేతిలో డబ్బు ఆడనివారు, మంచం పట్టినవారు, వారిని విడిచి పోలేని కుటుంబ సభ్యులు, బెట్సీనే చూశాం దీనికేమిటని అనుకున్న వృద్ధులు, ఆసుపత్రుల్లో ఉన్న రోగులు, వారికి కాపలాగా వైద్యులు, నర్సులు. నగర జనాభా సుమారు నాలుగున్నర లక్షలైతే, సొంత వాహనం లేనివారే లక్షకు పైబడి ఉన్నారు. సూపర్‌డోమ్ అనే ఆటల మైదానాన్ని చివరి ఆశ్రయంగా తెరిచారు. తొలి రాత్రికే అక్కడ సుమారు పదివేల మంది చేరారు.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఆరోగ్యం, వయసు, డబ్బు అనుకూలించినవారు వెళ్ళిపోయారు. ఏ వైద్యుడైనా ముందుగా తరలించాలని కోరుకునేవారు వెనుక మిగిలారు.

జ్వరం దిగిన రోజు

తీరం దాటేటప్పటికి కత్రినా గాలి గంటకు సుమారు 205 కిలోమీటర్లకు తగ్గింది. కన్నుకు తూర్పున ఉన్న మిసిసిపీ తీరంలో ఉప్పెన ఎనిమిది మీటర్లకు పైగా లేచి ఊళ్ళను తుడిచిపెట్టింది. న్యూ ఆర్లియన్స్ మీద గాలి అంత భీకరంగా లేదు. మధ్యాహ్నానికి తగ్గుముఖం పట్టింది కూడా. మేడల కిటికీలు పగిలాయి, సూపర్‌డోమ్ పైకప్పు చిరిగింది, చెట్లు కూలాయి. నగరం నడిబొడ్డున నిలబడి చూసిన విలేకరులకు కనిపించింది అంతే. అందుకే తప్పించుకున్నామని చెప్పారు.

ఆ సమయానికే కాలువల గోడలు కూలుతున్నాయి. స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 7 గంటల 45 నిమిషాలకు, మనకు సాయంత్రం ఆరుంబావుకు, ఇండస్ట్రియల్ కాలువ గోడ విరిగి లోయర్ నైన్త్ వార్డు అనే పేట మీద పడింది. ఇళ్ళు పునాదుల మీద నుంచి లేచిపోయాయి. తొమ్మిదీ ముప్పావుకు 17వ వీధి కాలువ గోడ పూర్తిగా తెగింది. లండన్ అవెన్యూ కాలువ రెండు చోట్ల గండి పడింది. సరస్సు నీరు పళ్ళెంలోకి దిగసాగింది. మరో రెండు రోజులకు నగరంలో 80 శాతం నీట మునిగింది.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. 17వ వీధి కాలువలో, లండన్ అవెన్యూ కాలువలో నీరు గోడల పైఅంచు దాకా రాలేదు. గోడలు తట్టుకుంటాయని లెక్క కట్టిన ఎత్తుకు లోపలే ఉండగా అవి పక్కకు జరిగాయి. కింద మెత్తని నేల, దానిలోకి చాలినంత లోతుగా దిగని ఇనుప పలకలు. 2006లో ఇంజనీర్ల విభాగం తమ నిర్మాణంలోని లోపాన్ని అంగీకరించింది. ప్రకృతి తెచ్చిన తుపానును మనుషుల పొరపాటు మహా విపత్తుగా మార్చింది.

డెంగీ గురించి ఇదివరకు రాసినప్పుడు ఒక విషయం నొక్కి చెప్పాను. జ్వరం 104 డిగ్రీలున్న రోజు కన్నా, జ్వరం దిగిన రోజున వైద్యుడు ఎక్కువ జాగ్రత్తగా ఉంటాడు. ఒళ్ళు చల్లబడిందని ఇంటిల్లిపాదీ సంతోషించే ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి, రోగి కుప్పకూలే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలిసిన నేనే, గాలి తగ్గిందని విని గండం గడిచిందన్నాను. థర్మామీటరును చూసి రోగిని చూడకపోవడం అంటే ఇదే.

మంగళవారం సాయంత్రానికి మన టీవీల్లోనూ ఇళ్ళ కప్పుల మీద కూర్చున్న మనుషులు కనిపించారు. ఫార్మసిస్టు గారు మందుల గది తలుపు దగ్గర నన్ను ఆపి, “గండం గడిచిందన్నారు కదండీ డాక్టరు గారూ” అన్నారు. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కరెంటు పోయిన వార్డులు

గాలికి తట్టుకున్న ఆసుపత్రులు నీటికి ఓడిపోయాయి. కారణం చాలా సామాన్యమైనది. జనరేటర్లు, లేదా వాటి విద్యుత్ పలకలు నేలమాళిగలోనో కింది అంతస్తులోనో ఉన్నాయి. నీరు చేరగానే వెంటిలేటర్లు, లిఫ్టులు, పంపులు, రక్త పరీక్షల యంత్రాలు ఆగిపోయాయి.

1736 నుంచి పేదలకు వైద్యం అందించిన చారిటీ ఆసుపత్రిలో వైద్యులు, నర్సులు చీకటి వార్డుల్లో, వెంటిలేటరు మీద ఉన్నవారికి గాలి సంచిని చేతితో నొక్కుతూ గంటల తరబడి శ్వాస అందించారు. రోగులను స్ట్రెచర్ల మీద మెట్ల గుండా మోశారు. ఎదురుగా ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి దాని యాజమాన్యం హెలికాప్టర్లు తెప్పించింది. ప్రభుత్వ ఆసుపత్రి రోగులు శుక్రవారం, సెప్టెంబరు 2 దాకా ఎదురుచూశారు. నలభై ఏళ్ళ దగ్గరగా ప్రభుత్వ వార్డుల్లో తిరిగిన వాడిగా ఈ వాక్యం రాయడం నాకు సులువు కాదు. ఆ ఆసుపత్రి భవనం మళ్ళీ రోగులకు తెరుచుకోలేదు.

మెమోరియల్ మెడికల్ సెంటర్ కథ ఇంకా బాధాకరం. బుధవారం తెల్లవారుజామున అక్కడ చివరి జనరేటరు ఆగిపోయింది. లోపలి వేడి 38 డిగ్రీలు దాటింది. రోగులను గోడకున్న ఒక చిన్న రంధ్రం గుండా దాటించి, పార్కింగ్ భవనం మీదుగా హెలికాప్టరు దిగే మిద్దె మీదకు చేర్చవలసి వచ్చింది. నీరు తీశాక ఆ ఆసుపత్రిలో 45 మృతదేహాలు దొరికాయి. కొందరి మరణాలపై వైద్య సిబ్బందిని అరెస్టు చేశారు, 2007లో గ్రాండ్ జ్యూరీ నేరారోపణకు నిరాకరించింది. ఆ తీర్పు మీద నేను వ్యాఖ్యానించను. అయితే, ముందుగా ఎవరిని తరలించాలో నాలుగు రోజులు నిద్రలేని మనుషులు చీకట్లో నిర్ణయించే పరిస్థితి రాకుండా చూడడం వైద్యులొక్కరి వల్ల అయ్యే పని కాదు.

నగరానికి ఆనుకుని ఉన్న సెయింట్ బెర్నార్డ్ ప్రాంతంలోని ఒక వృద్ధాశ్రమంలో 35 మంది మునిగి చనిపోయారు. తరలిస్తే బలహీనులు ప్రయాణంలోనే పోతారని నిర్వాహకులు భయపడ్డారు. న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. కానీ చనిపోయినవారి కుటుంబాలకు ప్రశ్న మిగిలే ఉంది.

దూరపు చూపులో రెండో పొరపాటు

సోమవారం మేము అంతా బాగుందని నమ్మాము. గురువారం నాటికి అందరూ రాక్షసులయ్యారని నమ్మాము. సూపర్‌డోమ్‌లో హత్యలు, అత్యాచారాలు, గుట్టలుగా శవాలు అని వార్తలు వచ్చాయి. నగర పెద్దలే టీవీల్లో అలా మాట్లాడారు. అక్కడ రెండు వందల శవాలున్నాయని చెప్పగా, వాటిని తీసుకుపోవడానికి ఒక వైద్యుడు శీతల లారీ వెంటబెట్టుకుని వెళ్ళారు. దొరికినవి ఆరు. అందులో నలుగురు జబ్బుతో సహజంగా మరణించినవారు, ఒకరు మత్తుమందు మితిమీరి పోయినవారు, ఒకరు ఆత్మహత్య చేసుకున్నవారు.

ఈ వదంతులు ప్రాణాల మీదకు తెచ్చాయి. తుపాకీ కాల్పులు జరుగుతున్నాయన్న భయంతో సహాయ బృందాలు వెనుకాడాయి. సెప్టెంబరు 4న ఒక వంతెన మీద పోలీసులు నిరాయుధులపై కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి విచారణ సాగి, కారకులకు శిక్షలు పడ్డాయి. వరదలో చిక్కిన మనిషిని రోగిగా చూడాలా, నేరస్థుడిగా చూడాలా అన్నది వార్త ఎలా చెప్పబడిందన్న దాని మీద ఆధారపడింది. నేనూ ఆ వార్తలు నమ్మాను, నలుగురికి చెప్పాను.

ఎవరు మరణించారు, దేనివల్ల?

కత్రినా మృతులు 1,833 అని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ లెక్కను 2023లో అమెరికా హరికేన్ కేంద్రం 1,392కి సవరించింది. లూయిజియానా రాష్ట్రంలోని 971 మరణాలను ప్రజారోగ్య నిపుణులు పరిశీలించారు. వారిలో 40 శాతం మంది నీట మునిగి, 25 శాతం మంది గాయాల వల్ల, 11 శాతం మంది గుండె జబ్బుతో మరణించారు. మృతుల్లో దాదాపు సగం మంది 75 ఏళ్ళు, అంతకు పైబడినవారు. డెబ్భైలు దాటిన నాకు ఈ అంకె చదివినప్పుడల్లా నా వయసు గుర్తుకు వస్తుంది.

నీటిలో మునగకుండా బతికినవారి కష్టం వేరు. డయాలిసిస్ మీద ఉన్న రోగులను తరువాత ప్రశ్నించగా, వారిలో 44 శాతం మంది కనీసం ఒక విడత, దాదాపు 17 శాతం మంది మూడు లేదా అంతకన్నా ఎక్కువ విడతలు కోల్పోయారని తేలింది. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ మైదానంలో వెలిసిన తాత్కాలిక ఆసుపత్రికి రెండు వారాల్లో పదివేల మందికి పైగా వచ్చారు. చాలామంది అడిగింది రక్తపోటు మాత్రలు, ఇన్సులిన్, ఆస్తమా మందులు. “తెల్ల మాత్ర, పొద్దున ఒకటి” అనడం తప్ప పేరు చెప్పలేనివారు ఎందరో. వారి కేసు కాగితాలు నీటిలో కరిగిపోయాయి. మాజీ సైనికుల ఆసుపత్రి రోగుల వివరాలు మాత్రం కంప్యూటర్లలో భద్రంగా ఉండి, వారు ఏ ఊరు చేరినా అక్కడి వైద్యుడికి అందాయి.

జనరేటరును ఇంటి లోపలో, కిటికీ పక్కనో నడిపినందువల్ల కార్బన్ మోనాక్సైడ్ విషానికి గురైనవారు 51 మంది నమోదయ్యారు, అయిదుగురు మరణించారు. పుండు మీద ఉప్పునీటి వరద తగిలి విబ్రియో జాతి సూక్ష్మజీవులు సోకినవారు మరికొందరు. మొత్తం 22 విబ్రియో కేసుల్లో అయిదుగురు చనిపోయారు. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవారికి ఇది చాలా ప్రమాదకరం. నీరు తీసిన తరువాత కూడా నష్టం ఆగలేదు. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో గుండెపోటుతో చేరేవారు తుపానుకు ముందు మొత్తం రోగుల్లో 0.7 శాతం ఉండగా, తరువాతి రెండేళ్ళలో 2.2 శాతానికి పెరిగారు.

అందరూ భయపడిన కలరా మహమ్మారి మాత్రం రాలేదు. శవాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయన్న భయం ప్రతి విపత్తులోనూ పుడుతుంది. ప్రకృతి విపత్తుల్లో గాయాలతో, నీట మునిగి చనిపోయినవారి దేహాల నుంచి సాధారణంగా మహమ్మారి పుట్టదు. కలుషితమైన తాగునీరు, కిక్కిరిసిన శిబిరాలు అసలు శత్రువులు.

ఒక తల్లి అడిగిన మాత్రలు

ఈ భయం గురించి చెబుతుంటే 1977 నవంబరు గుర్తుకు రాక తప్పదు. ఆ నెల 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. అవనిగడ్డ వైపు వెళ్ళిన వైద్య బృందాల్లో ఒకదానిలో ఉన్నాను. మా పెట్టెల నిండా కలరా టీకా. ఆనాటి సూది టీకా ఇచ్చే రక్షణ స్వల్పమని, కొద్ది నెలలకు మించి నిలవదని తరువాతి కాలంలో తేలింది. అప్పుడు మాకు అదే ఆయుధం.

వరుసలో ఒక తల్లి పదేళ్ళ కొడుకును పట్టుకుని నిలబడింది. “బాబూ, మావాడికి మూర్ఛ. మాత్రల డబ్బా నీళ్ళలో పోయింది. అయిదు రోజులైంది” అంది. మూర్ఛకు అప్పట్లో వాడే గార్డినాల్ మాత్రలు మా దగ్గర లేవు. “ఇది టీకాల బృందమమ్మా, బందరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళు” అన్నాను. దారి పొడుగునా చెట్లు కూలి, రోడ్లు కోసుకుపోయి ఉన్నాయని నాకు తెలుసు. ఆమె “సరే బాబూ” అంది. ఆ పిల్లవాడి చేతికి కలరా సూది వేసి పంపాను. వారి ఊరి పేరు అడగలేదు.

మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఎడతెగని ఫిట్స్ రావచ్చని అప్పటికి నాకు పుస్తకంలో తెలుసు. న్యూ ఆర్లియన్స్ గణాంకాలను ముప్పై ఏళ్ళ తరువాత చదువుతూ, ఆ పిల్లవాడు ఏ లెక్కలోకి వచ్చి ఉంటాడా అని ఆలోచించాను. ఉప్పెన మృతుల లెక్కలోకి మాత్రం రాడు.

పదహారేళ్ళ తరువాత

కత్రినా తరువాత దాదాపు 1,450 కోట్ల డాలర్లతో కరకట్టలు, గేట్లు, కొత్త పంపులు నిర్మించారు. 2021లో, సరిగ్గా అదే ఆగస్టు 29న, అయిదా హరికేన్ గంటకు 240 కిలోమీటర్ల గాలితో లూయిజియానా తీరం దాటింది. ఈసారి నగరపు కరకట్టలు నిలిచాయి. కానీ నగరానికి కరెంటు తెచ్చే ఎనిమిది లైన్లూ తెగిపోయాయి. రోజుల తరబడి ఎండ, ఉక్కపోత. నగరంలో వేడికి తాళలేక వృద్ధులు తమ ఇళ్ళలోనే మరణించారు. జనరేటరు పొగ మళ్ళీ ప్రాణాలు తీసింది. ఏడు వృద్ధాశ్రమాల నుంచి 800 మందికి పైగా వృద్ధులను ఒక గిడ్డంగికి తరలించగా, అక్కడి దుస్థితిలో కొందరు చనిపోయారు. కరకట్ట గెలిచింది, కరకట్ట లోపలి ఒంటరి వృద్ధుడు ఓడాడు.

మనం చేయగలిగినవి

మన తీరానికీ ఇది పరాయి పాఠం కాదు. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటిన తరువాత కరెంటు, ఫోను లేకుండా గడిపిన రోజులు ఆ నగరవాసులకు గుర్తుండే ఉంటాయి. తుపాను హెచ్చరిక వినగానే బియ్యం, కొవ్వొత్తులు సమకూర్చుకుంటాం. వాటితోపాటు ఇవి కూడా చేయాలని నా మనవి.

1. ఇంట్లో ప్రతి ఒక్కరూ వాడే మందుల పేర్లు, మోతాదు, రక్తపు గ్రూపు, అలెర్జీలు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో ఉంచండి. దాని ఫోటో వేరే ఊళ్ళో ఉన్న బంధువుకు పంపండి.

2. రెండు వారాలకు సరిపడా మందులు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. మూర్ఛ మాత్రలు, గుండె జబ్బుకు వాడే కొన్ని మాత్రలు, దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపడం అపాయం.

3. కరెంటు లేనప్పుడు ఇన్సులిన్ సీసాను తడి తగలకుండా కవరులో చుట్టి, నీడలో, చల్లని మట్టికుండలో ఉంచవచ్చు. ఐసు గడ్డకు ఆనించి గడ్డకట్టనివ్వకండి.

4. డయాలిసిస్ రోగులు తుపానుకు ముందే ఒక విడత చేయించుకోవాలి. 2012లో శాండీ హరికేన్ సమయంలో ఇలా ముందుగా చేయించుకున్నవారికి మేలు జరిగినట్లు అధ్యయనాలు చూపాయి. విడత తప్పితే నీళ్ళు, ఉప్పు బాగా తగ్గించాలి. అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు వద్దు. వాటిలోని పొటాషియం గుండెను ఆపగలదు.

5. జనరేటరు ఇంటి బయట, తలుపులకు, కిటికీలకు దూరంగా ఉండాలి.

6. కాలి పుండుతో వరదనీటిలో దిగకండి. దిగక తప్పకపోతే వెంటనే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగండి. ఎరుపు, వాపు, తీవ్రమైన నొప్పి కనిపిస్తే ఆ రోజే వైద్యుడిని చూడండి.

7. గాలి తగ్గిన తరువాత వరుసగా వారం రోజులు, మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారి తలుపు రోజుకు రెండుసార్లు తట్టండి. పైవన్నీ కలిపినా దీనికి సాటిరావు.

గురువారం రాత్రి ఫార్మసిస్టు గారింట ఫోను మోగింది. అబ్బాయి హ్యూస్టన్‌లో, దాదాపు 550 కిలోమీటర్ల దూరాన, ఒక తెలుగు కుటుంబం వద్ద క్షేమంగా ఉన్నాడు. న్యూ ఆర్లియన్స్ సంఖ్యలున్న సెల్‌ఫోన్లు, మనిషి ఆ నగరం దాటిపోయినా పనిచేయలేదట. చివరికి ఆ ఇంటివారి ఫోను నుంచి చేశాడు. ఫార్మసిస్టు గారు నాకు చెప్పడానికి అర్ధరాత్రి మా తలుపు తట్టారు. సంతోషం చెప్పుకున్నాక గుమ్మంలోనే ఆగి, “వాడి పక్కింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేదట సార్. రమ్మంటే రానందట. ఆవిడ సంగతి తెలియలేదంటున్నాడు” అన్నారు.

ఈసారి నేను గండం గడిచిందని అనలేదు. ఆ తరువాత ఏ తుపాను వార్త చూసినా, టీవీలో గాలి వేగం చెప్పడం ఆపేసిన రోజు నుంచి నేను తెలిసినవారికి ఫోన్లు చేయడం మొదలుపెడతాను. అడిగేది ఒకటే ప్రశ్న: “మీ వీధిలో పెద్దవాళ్ళు ఎవరెవరున్నారు, మందులు ఎన్ని రోజులకున్నాయి?”